కంట్రోల్ రూములో మనవాళ్లెందరు?



తాండూరు చుట్టుపక్కల ఏ సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్లినా, అక్కడి కిల్న్ అనే కొలిమి లోపల సుమారు 1450 డిగ్రీల వేడి ఉంటుంది. సున్నపురాయి పొడి ఆ వేడికి కొంత కరిగి, ఉండలు కట్టి, క్లింకరై బయటికొస్తుంది. పదుల మీటర్ల పొడవున్న ఆ ఇనుప గొట్టం నిమిషానికి నాలుగైదు చుట్లు తిరుగుతూ రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. పక్కన నిలబడి దాన్ని నడిపే మనిషి మాత్రం ఎవరూ కనిపించరు. నడిపేవాళ్లు దూరంగా, చల్లటి గదిలో, వరసగా పెట్టిన తెరల ముందు కూర్చుని ఉంటారు. ఆ గదిని సీసీఆర్ అంటారు, అంటే సెంట్రల్ కంట్రోల్ రూమ్. ఒక్కో షిఫ్టుకు అక్కడుండేది కొద్దిమందే. రాయి పగలగొట్టే క్రషర్ దగ్గర్నుంచి మిల్లు, కిల్న్, కూలర్ దాకా మొత్తం వాళ్ల చేతి కిందే ఉంటుంది.

ఆ కుర్చీల్లో మన వికారాబాదు జిల్లా పిల్లలు ఎందరున్నారు? ఇంకా ఎందరు ఉండవచ్చు? అక్కడికి వెళ్లే దారి ఏది? ఇవాళ నేను మాట్లాడబోయేది దీని గురించే. పదో తరగతి, ఇంటర్ చదువుతున్న పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు కాస్త దగ్గరికొచ్చి కూర్చోండి.

ఫ్యాక్టరీలు మనకు కొత్త కాదు. నేల కిందున్న రాయే వాటిని ఇక్కడికి రప్పించింది. భీమా నది వైపు సున్నపురాయి పొరలు తాండూరు నుంచి, ఇప్పటి కర్ణాటకలోని షాబాదు, వాడి దాకా పరుచుకుని ఉన్నాయి. పలకలుగా లేచేదాన్ని బండలు చేసి ఇళ్లలో పరుచుకున్నాం. మిగిలింది సిమెంటుకు పోయింది. 1874లోనే వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు మార్గం పడింది కాబట్టి బరువు సరుకు మోసే దారి కూడా అప్పటి నుంచే ఉంది. షాబాదులో నిజాం కాలంలోనే సిమెంటు కర్మాగారం వెలిసింది. 1936లో పది సిమెంటు కంపెనీలు కలిసి ఏసీసీగా ఏర్పడ్డప్పుడు అది కూడా అందులో చేరింది.

తాండూరు వైపు సిమెంటు ఆ తరవాత చాలా కాలానికి వచ్చింది. కరన్‌కోట్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ, అంటే సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, 1987లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఏడాదికి పది లక్షల టన్నుల సామర్థ్యం దానిది. ఆ సంస్థకు దేశంలో చాలా చోట్ల ఫ్యాక్టరీలుండేవి. మన ఆదిలాబాదుది సహా ఒక్కొక్కటే మూతపడ్డాయి. నిలిచి నడుస్తున్నవి మూడే: అస్సాంలో బొకాజన్, హిమాచల్ ప్రదేశ్‌లో రాజ్‌బన్, మన తాండూరు. ఇక ప్రైవేటులో మల్కాపూర్ దగ్గర ఇండియా సిమెంట్స్ వాళ్లది, ఇంకోటి పెన్నా వాళ్లది. 2024లో ఈ రెండూ చేతులు మారాయి. పెన్నా సిమెంటును అదానీ గ్రూపులోని అంబుజా కొన్నది. ఆ ఏడాది చివర్లో ఇండియా సిమెంట్స్ అల్ట్రాటెక్ కిందికి వెళ్లింది. తాండూరు దాటి అదే రైలు మార్గం మీద ముందుకు పోతే సేడం, మల్ఖేడ్, వాడి. అవన్నీ సిమెంటు ఊళ్లే. తాండూరు, బషీరాబాదు పిల్లలకు అక్కడికి పోవడం పరాయి రాష్ట్రానికి వలస పోయినట్టు అనిపించదు.

పెద్ద గ్రూపు ఒక ఫ్యాక్టరీని కొన్నాక ముందుగా చూసేది టన్ను సిమెంటుకు ఎంత బొగ్గు, ఎంత కరెంటు, ఎందరు మనుషులు అని. ఆ మూడింటినీ తగ్గించాలంటే యంత్రాల మీద ఇంకా ఎక్కువ నియంత్రణ కావాలి. అందువల్ల రాబోయే పదేళ్లలో మన చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల్లో ఆటోమేషన్ పెరుగుతుందే తప్ప తగ్గదు. ఈ మాట ఎవర్నీ భయపెట్టడానికి చెప్పడం లేదు. వచ్చేదేమిటో తెలిస్తే ఇప్పటి నుంచే సిద్ధం కావచ్చు.

ఆటోమేషన్ వచ్చి మనిషి పనిని ఎలా మార్చిందో కిల్న్ దగ్గరే చూద్దాం. పూర్వం ప్రతి కిల్న్‌కూ బర్నర్ అనే పనివాడు ఉండేవాడు. చేతిలో నీలం అద్దం పట్టుకుని, కిల్న్ మూతి దగ్గర చిన్న కిటికీలోంచి మంటను చూసేవాడు. మంట రంగేమిటి, లోపలి సరుకు గోడ వెంబడి ఎంత ఎత్తుకెక్కి జారుతోంది, దుమ్ము ఎంత లేస్తోంది, ఇవన్నీ చూసి బొగ్గు పెంచాలో గాలి తగ్గించాలో చెప్పేవాడు. ఆ విద్య పుస్తకంలో దొరికేది కాదు. ఉస్తాదు పక్కన ఏళ్ల తరబడి నిలబడితే వచ్చేది. ముఖం మాడిపోయేది, కళ్లు పోయేవి. గొప్ప పనితనం, గొప్ప కష్టం.

ఇప్పుడు ఆ పనిని నాలుగైదు పరికరాలు పంచుకున్నాయి. పైరోమీటర్ మంటను తాకకుండానే వేడి కొలుస్తుంది. ఒక స్కానర్ కిల్న్ పొడవునా బయటి ఇనుప పెంకును చూస్తూ ఉంటుంది. లోపలి ఇటుక ఎక్కడ అరిగి పెంకు ఎర్రబడబోతోందో ముందే చెబుతుంది. బయటికి పోయే గాలిలో ఆక్సిజన్ ఎంతుందో, కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో గ్యాస్ అనలైజర్ చెబుతుంది. ల్యాబులో ఎక్స్‌రే యంత్రం పొడిలో సున్నం, సిలికా, ఇనుము పాళ్లు నిమిషాల్లో తేలుస్తుంది. ఒకప్పుడు కెమిస్టు గాజు సామాన్లతో గంటల తరబడి చేసిన పని అది. ఈ లెక్కలన్నీ తెరమీదికి వస్తాయి. నిర్ణయం తీసుకోవలసింది మాత్రం ఆపరేటరే.

మరి ఆ లెక్కలు నిజమైనవేనా? ఉద్యోగాల విషయంలో అసలు సంగతి ఈ ప్రశ్నలోనే ఉంది.

సెన్సరు నుంచి కంట్రోల్ రూముకు వచ్చే సంకేతం చాలాచోట్ల చిన్న కరెంటు. నాలుగు మిల్లీ ఆంపియర్ల నుంచి ఇరవై దాకా ఉంటుంది. సున్నా డిగ్రీలకు నాలుగు, వెయ్యి డిగ్రీలకు ఇరవై అని కట్టారనుకోండి, ఐదు వందల డిగ్రీలకు పన్నెండు వస్తుంది. సున్నా నుంచి మొదలుపెట్టకుండా నాలుగు నుంచి ఎందుకు మొదలుపెట్టారు? ఎలుక కొరికో, వేడికి కాలో తీగ తెగిందనుకోండి, కరెంటు సున్నా అవుతుంది. సున్నా వచ్చిందంటే వేడి లేదని అర్థం కాదు, తీగ తెగిందని అర్థం. ఎవరో ఒక ఇంజనీరు ఇలా ఆలోచించబట్టి ప్రపంచంలోని ఫ్యాక్టరీల్లో ఎన్ని ప్రమాదాలు తప్పాయో లెక్క కట్టలేం. ఇది అర్థం చేసుకోవడానికి పదో తరగతి లెక్కలు, ఓమ్ సూత్రం చాలు. చేతిలో మల్టీమీటర్ ఉండాలి, ఓపిక ఉండాలి.

కిల్న్‌లోకి పోయే పొడిని ముందుగా వేడిచేసేది ప్రీహీటర్ టవర్. రాత్రి రెండింటికి దాని మీద వేడి కొలిచే థర్మోకపుల్ ఒకటి ఉన్నట్టుండి తక్కువ వేడి చూపించిందనుకుందాం. కంట్రోల్ రూములో ఆపరేటరుకు రెండు అనుమానాలు వస్తాయి. లోపల నిజంగానే పొడి అడ్డం పడి గాలి ఆగిందా, లేక సెన్సరే పోయిందా? అడ్డం పడి ఉంటే వెంటనే ఫీడు ఆపాలి, లేకపోతే ప్రాణాల మీదికి వస్తుంది. సెన్సరే పోయి ఉంటే ఆపనక్కర్లేదు. ఊరికే ఆపితే ఇటుక చల్లబడి పగుళ్లిస్తుంది, మళ్లీ వేడెక్కించడానికి ఒక్కోసారి రోజులు పడతాయి. అనుమానం తేల్చేది ఎవరు? ఆ అర్ధరాత్రి ఎత్తైన టవర్ మెట్లెక్కి, జంక్షన్ బాక్సు మూత తీసి, దుమ్ము తుడిచి, మీటరు పెట్టి చూసే ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్. అతను చెప్పిన ఒక్క మాట మీద లక్షల రూపాయల నష్టం ఆగుతుంది, కింద పనిచేసే మనుషుల భద్రత నిలుస్తుంది.

యంత్రాలు పెరిగేకొద్దీ ఇలాంటి మనిషి అవసరం పెరుగుతుంది. ఒక్క ఫ్యాక్టరీలో వేల సంఖ్యలో సెన్సర్లుంటాయి. కన్వేయర్ బెల్టు పొడవునా ఆపద వస్తే లాగడానికి పుల్‌కార్డ్ తాడు ఉంటుంది. బెల్టు పక్కకు జరిగితే చెప్పే స్విచ్చి, ఆగిపోతే చెప్పే స్విచ్చి, బేరింగు వేడెక్కితే, అదిరితే చెప్పే పరికరాలు ఉంటాయి. ఒక్కోటి దుమ్ములో, వేడిలో, వానలో ఉండి చెడిపోతూ ఉంటుంది. వాటిని సరిచూడాలి, కాలిబ్రేషన్ చేయాలి, మార్చాలి. బస్తాలు మోసేవాళ్ల అవసరం తగ్గుతున్నకొద్దీ ఈ పనివాళ్ల అవసరం పెరుగుతోంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివే పిల్లలకు ఇది చాలా ధైర్యమిచ్చే సంగతి. ఫ్యాక్టరీల్లో యంత్రాలను వరసక్రమంలో నడిపే చిన్న కంప్యూటరును పీఎల్‌సీ అంటారు. అది రాకముందు పెద్ద పెద్ద బీరువాల నిండా రిలేలు, తీగలు ఉండేవి. కార్ల ఫ్యాక్టరీలో మోడలు మారిందంటే ఆ తీగలన్నీ విప్పి మళ్లీ కట్టాలి. అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ ఈ బాధ పడలేక 1968లో కొత్త పరికరం కావాలని అడిగింది. రిచర్డ్ మోర్లీ, ఆయన తోటివాళ్లు మోడికాన్ 084 అనే పీఎల్‌సీ తయారు చేశారు. దానికి ప్రోగ్రాము రాసే పద్ధతిని వాళ్లు కంప్యూటరు చదివినవాళ్ల కోసం పెట్టలేదు. అప్పటికే ఎలక్ట్రీషియన్లకు అలవాటైన రిలే బొమ్మల్లాగానే ఉంచారు. నిచ్చెన మెట్లలా గీతలు, కాంటాక్టులు, కాయిల్స్ ఉంటాయి కాబట్టి దాన్ని ల్యాడర్ అంటారు. అర్ధ శతాబ్దం దాటినా ఆ పద్ధతి ఇంకా నడుస్తోంది. అంటే స్టార్టరు వైరింగు బాగా వచ్చిన కుర్రాడు ఆటోమేషన్‌లో సగం దూరం ముందే నడిచి వచ్చినట్టే. ఇంజనీరింగు డిగ్రీ ఉంటేనే ఈ తలుపు తెరుచుకుంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

సిమెంటు ఒక్కటే కాదు, తాండూరు కంది సంగతీ చూద్దాం. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కంది పప్పయ్యే దారిలో కందులు చెరగడం, నూనె పట్టించి ఆరబెట్టడం, రోలరు మీద పొట్టు తీయడం, బద్ద చేయడం, ఆఖరున రంగు మారిన గింజ, మట్టి పెళ్ల, రాయి ఏరెయ్యడం ఉంటాయి. ఈ చివరి పనికి ఇప్పుడు కలర్ సార్టర్ వచ్చింది. పైనుంచి జారే ప్రతి గింజనూ కెమెరా చూస్తుంది. నల్లదో, పాలిపోయినదో కనిపిస్తే సరిగ్గా ఆ గింజకు తగిలేలా గాలి చిన్నగా కొట్టి పక్కకు తోసేస్తుంది. చేటలో చెరిగే అమ్మ చెయ్యి ఎంత ఒడుపుగా రాయిని అంచుకు తెస్తుందో, ఆ ఒడుపును క్షణానికి వందల గింజల మీద చూపిస్తుంది.

యంత్రం గొప్పదే. మరి అది రాకముందు కూర్చుని పప్పు ఏరిన ఆడవాళ్లు ఏమయ్యారు? పప్పు మిల్లుల్లో ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. సిమెంటులో కూడా అంతే. యాభై కిలోల బస్తాలు వీపున మోసి లారీకి ఎత్తిన హమాలీల చోట ఇప్పుడు ఆటోమేటిక్ లోడర్లు వస్తున్నాయి. ఆ బస్తాలు మొయ్యడం ఎవరూ కోరుకునే పని కాదు. నడుములు విరిగిపోయే, ఊపిరితిత్తుల్లోకి దుమ్ము పోయే పని అది. అది పోవడం మంచిదే. కూలి కూడా దాంతోపాటే పోతే ఆ ఇల్లెట్లా గడవాలి? ఆటోమేషన్ ఉద్యోగాలు తెస్తుందా, తీసేస్తుందా అని అడిగితే రెండూ నిజమే. తీసేసేది ఒకరి ఇంట్లోంచి, తెచ్చేది ఇంకొకరి ఇంట్లోకి అయినప్పుడు అన్యాయం జరుగుతుంది. హమాలీ కొడుకే టెక్నీషియన్ అయితే, పప్పు ఏరిన తల్లి బిడ్డే ఆ కలర్ సార్టర్ రిపేరు చేస్తే, ఆ మార్పును మనస్ఫూర్తిగా ఆహ్వానించవచ్చు. ఈ పూట నేను అడుగుతున్నది అదే.

ఇందులో పెద్ద చిక్కు సమయంతో వస్తుంది. ఒక ఊళ్లో ఫ్యాక్టరీ కోసం భూమి తీసుకునేటప్పుడు ఇంటికో ఉద్యోగం అని మాట ఇస్తారు. మన జిల్లాలోనూ, చుట్టుపక్కలా భూమి పోతుందన్న దిగులు ఉన్న ఊళ్లకు ఆ మాట బరువు తెలుసు. ఫ్యాక్టరీ కట్టడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఆ రెండు మూడేళ్లూ కట్టుబడి పనుల్లో స్థానికులకు కూలి దొరుకుతుంది. ఫ్యాక్టరీ నడవడం మొదలయ్యాక కూలీల అవసరం ఒక్కసారిగా పడిపోతుంది. అప్పుడు కావలసింది ట్రేడు చదివినవాళ్లు. వాళ్లు ఊళ్లో ఉండరు కాబట్టి బయటినుంచి తెచ్చుకుంటారు. భూమి ఇచ్చినవాడి కొడుక్కి గేటు దగ్గర వాచ్‌మన్ పనో, తోట పనో మిగులుతుంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ ట్రేడులకు పట్టేది కూడా రెండేళ్లే. పునాది రాయి వేసిన ఏడాదే ఆ ఊరి పిల్లలు ఐటీఐలో చేరితే, ఫ్యాక్టరీ సిద్ధమయ్యేసరికి వాళ్లూ సిద్ధంగా ఉంటారు. భూమి ఒప్పందం కాగితంలో ఎకరాకు ఎంత అని రాసినట్టే, ఎందరు పిల్లలకు ఏ ట్రేడులో శిక్షణ అని కూడా రాయించుకోవాలి. సర్పంచులు, గ్రామ పెద్దలు ఈ మాటను గట్టిగా పట్టుకోవాలని నా కోరిక. ఫ్యాక్టరీ వచ్చాక అడిగితే ఆలస్యమైపోతుంది.

ఇక దారులు చెబుతాను, అవసరమైతే కాగితం మీద రాసుకోండి. పదో తరగతి తరవాత ఐటీఐ ఒక దారి. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, ఎలక్ట్రానిక్స్ మెకానిక్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ ట్రేడులు ఈ పనులకు దగ్గరివి. ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ అన్ని ఐటీఐల్లో ఉండదు, ఎక్కడుందో అడిగి తెలుసుకోవాలి. పాలీసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరడం రెండో దారి. ఐటీఐ చదివితే అక్కడితో ఆగిపోతారన్న మాట తప్పు. ఐటీఐ పాసైనవాళ్లు ఎల్‌పీసెట్ రాసి డిప్లొమా రెండో సంవత్సరంలో చేరవచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. పని చేసి వచ్చినవాడు చదివే బీటెక్‌కు ఉండే విలువ వేరు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివిన పిల్లలకు సిమెంటు ల్యాబుల్లో చోటుంది, వికారాబాదు, తాండూరు డిగ్రీ కాలేజీల వాళ్లు దీన్ని మరిచిపోకూడదు.

తెలంగాణ ప్రభుత్వం 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చడానికి టాటా టెక్నాలజీస్‌తో ఒప్పందం చేసుకుంది. 2324 కోట్ల రూపాయల పథకం అది. 2024 జూన్‌లో హైదరాబాదు మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన జరిగింది. ఈ కేంద్రాల్లో ఇండస్ట్రియల్ రోబోటిక్స్, ప్రాసెస్ కంట్రోల్ అండ్ ఆటోమేషన్, సీఎన్‌సీ మెషినింగ్, ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ వంటి కోర్సులున్నాయి. మనకు దగ్గర్లో ఏ ఐటీఐలో ఏ కోర్సు నడుస్తోందో స్వయంగా వెళ్లి చూడండి. యంత్రం వచ్చిందా, మీ పిల్లవాడి చెయ్యి దాని మీద పడుతుందా, నేర్పే మాస్టారు ఉన్నారా అని అడగండి. గాజు గదిలో తాళం వేసి ఉంచిన రోబో వల్ల ఎవరికీ పని రాదు.

ఇంకా లోతుగా నేర్చుకోవాలంటే హైదరాబాదులో రెండు మంచి చోట్లున్నాయి. బాలానగర్‌లోని సీఐటీడీ, అంటే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, 1968లో ఐక్యరాజ్య సమితి సాయంతో ఏర్పడింది. యంత్ర భాగాల తయారీ, ఆటోమేషన్ కోర్సులకు దానికి మంచి పేరుంది. రామంతాపూర్‌లో ఎలక్ట్రానిక్స్, ప్రాసెస్ ఇన్‌స్ట్రుమెంటేషన్ కోసమే పెట్టిన కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థ ఉంది. పాతవాళ్లు ఏటీఐ అనేవారు, ఇప్పుడు ఎన్‌ఎస్‌టీఐ. వికారాబాదు నుంచి రైలెక్కితే ఉదయం వెళ్లి విచారించుకుని సాయంత్రానికి ఇంటికి రావచ్చు. పీఎల్‌సీ నేర్పుతామని వేలకు వేలు ఫీజు అడిగే ప్రైవేటు సెంటర్లో చేరేముందు వీటిని చూడండి. ఎక్కడ చేరినా ముందు ఒక్క ప్రశ్న అడగండి: నేను అసలు పీఎల్‌సీకి అసలు మోటారు కలిపి నడుపుతానా, లేక తెరమీద బొమ్మలే చూస్తానా? జవాబు తడబడితే డబ్బు కట్టకండి.

అప్రెంటిస్‌షిప్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, మన పిల్లలు ఎక్కువగా వదులుకుంటున్నది అదే. 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ ప్రతిదీ, కాంట్రాక్టు వాళ్లతో కలిపి తన సిబ్బందిలో రెండున్నర శాతం నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. స్టైపెండ్ ఇవ్వాలి. అందులో 25 శాతం, నెలకు గరిష్ఠంగా 1500 రూపాయల దాకా, కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. కేంద్ర అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. ఏడాది పూర్తయ్యాక పరీక్ష పాసైతే వచ్చే సర్టిఫికెట్ దేశమంతటా చెల్లుతుంది. ఐటీఐలో నేర్చింది అచ్చంగా చేతికొచ్చేది ఈ ఏడాదిలోనే. స్టైపెండ్ తక్కువని వదిలేసి నగరంలో డెలివరీ పనికి పోయిన పిల్లలకు మొదటి ఏడాది నాలుగు రూపాయలు ఎక్కువే రావచ్చు. ఐదేళ్ల తరవాత చేతిలో ఏ విద్య మిగిలిందన్నది చూసుకోవాలి.

తాండూరు దాటి చూస్తే, పొరుగున జహీరాబాదులో మహీంద్రా ఫ్యాక్టరీ ఉంది. హైదరాబాద్ ఆల్విన్, జపాన్ కంపెనీ నిస్సాన్ కలిసి మొదలుపెట్టిన చోటు అది, 1989లో మహీంద్రా చేతికొచ్చింది. ట్రాక్టర్లు కూడా అక్కడ తయారవుతున్నాయి. రంగారెడ్డి జిల్లా షాబాదు మండలం చందన్‌వెల్లిలో జపాన్‌కు చెందిన డైఫుకు కంపెనీ ఫ్యాక్టరీ పెట్టింది. గోదాముల్లో, ఫ్యాక్టరీల్లో సరుకును తనంతట తానే తరలించే యంత్రాలు తయారు చేసే కంపెనీ అది. ఆటోమేషన్ యంత్రాలను తయారు చేసే ఫ్యాక్టరీయే మన పక్క జిల్లాకు వచ్చిందంటే ఆ అవకాశం ఎంత దగ్గర్లో ఉందో చూడండి. దేశం మొత్తం మీద 2023లో కొత్తగా 8510 పారిశ్రామిక రోబోలు బిగించారు. అంతకు ముందు ఏడాదికన్నా 59 శాతం ఎక్కువ. వాటిలో పెద్ద వాటా కార్ల పరిశ్రమది. ప్రతి రోబోనూ బిగించేవాళ్లు, నడక నేర్పేవాళ్లు, గ్రీజు పట్టించి బాగు చేసేవాళ్లు కావాలి.

మొదటి రెండు మూడేళ్లు జీతం చిన్నదే, ఇది దాచకూడదు. చాలామందికి కాంట్రాక్టరు కిందే మొదలవుతుంది. రాత్రి షిఫ్టులుంటాయి. పీఎఫ్ కడుతున్నారో లేదో, జీతం బ్యాంకులో పడుతోందో లేదో చూసుకోవాలి. యంత్రం మీద చెయ్యి పెట్టే ముందు కరెంటు ఆపి, స్విచ్చికి సొంత తాళం వేసి, ట్యాగు కట్టే పద్ధతి ఉంటుంది. సూపర్‌వైజరు తొందర పెట్టినా దాన్ని వదలకండి. తాళం చెవి మీ జేబులోనే ఉండాలి. ఇంగ్లిషు రాదని వెనక్కి తగ్గకండి. అలారం తెరమీద వచ్చే మాటలు కొద్దిపాటివే, మళ్లీ మళ్లీ అవే వస్తాయి. తెలుగు మీడియం పిల్లలు వాటిని ఒక నోటుబుక్కులో రాసుకుని నెల రోజుల్లో పట్టేస్తారు.

ఆడపిల్లల అమ్మానాన్నలకు ఒక మాట. కంట్రోల్ రూములో బరువులెత్తే పని లేదు. ల్యాబులో లేదు. కాలిబ్రేషన్ బల్ల దగ్గర లేదు. శ్రద్ధ, లెక్క, ఓపిక కావలసిన పనులవి. ఇవన్నీ మీ అమ్మాయికి ఉన్నాయి. హాస్టలు, రానుపోను బస్సు, షిఫ్టు భద్రత ఏర్పాటు చేయవలసింది ఫ్యాక్టరీలు, వాటిని చేయించవలసింది అధికారులు.

ఫ్యాక్టరీల యాజమాన్యాలకు నా మనవి. చట్టం రెండున్నర శాతం అంటే అక్కడే ఆగకండి, తాండూరు, వికారాబాదు, కొడంగల్, పరిగి పిల్లలను ఎక్కువగా తీసుకోండి. ఏడాదికొకసారి కిల్న్ మరమ్మతు కోసం షట్‌డౌన్ చేసినప్పుడు దగ్గరి ఐటీఐ పిల్లలను లోపలికి రానిచ్చి చూపించండి. వాళ్లకు అది పుస్తకాల్లో దొరకని పాఠం. మీకు ఆ మట్టి మీద రేపు నమ్మకంగా నిలబడే పనివాడు దొరుకుతాడు. హైస్కూలు ప్రధానోపాధ్యాయులు కూడా పదో తరగతి పిల్లలకు పాలీసెట్, ఐటీఐ దరఖాస్తుల సంగతి పరీక్షలకు ముందే చెప్పాలి.

పదో తరగతి ఫలితాలు వచ్చాక ఐటీఐ దరఖాస్తు నింపబోయే పిల్లలారా, ట్రేడు గడి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మీ స్నేహితుడు పెట్టింది చూసి పెట్టకండి. ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ ఎక్కడుంది, ఎలక్ట్రీషియన్‌లో సీటుందా, కొత్త ఆటోమేషన్ కోర్సు దగ్గర్లో ఎక్కడ నడుస్తోంది అని అడిగి, తెలుసుకుని అప్పుడు రాయండి. అమ్మానాన్నలారా, ఆ రోజు పిల్లలతోపాటు మీరూ ఐటీఐకి వెళ్లి ఈ మూడు ప్రశ్నలు మాస్టార్లను అడగండి.